అమెరికా నుంచి వచ్చిన మావాడి బ్యాగులో నార్కాన్ డబ్బా. ఇది మనూళ్ళో కూడా ఇంట్లో ఉండాల్సిన మందేనా?

కొర్లగుంట_వాణి (రాత్రి 8:40)
అందరికీ నమస్కారం. మా పెద్దోడు డాలస్ దగ్గర ఎంఎస్ చేస్తా ఉండాడు, సెలవులకు ఇంటికొచ్చినాడు. ఉతికేదానికి బట్టలు తీస్తా ఉంటే బ్యాగు పక్క జేబులో ఒక డబ్బా కనబడింది. పైన నార్కాన్ అని రాసుండాది. ఫోన్లో వెతికితే హెరాయిన్ ఓవర్‌డోస్‌కు విరుగుడు అని వచ్చింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వాణ్ణడిగితే నవ్వేసి, "కాలేజీలో అందరికీ ఊరికే ఇస్తారమ్మా, పక్కనోడికి ఏమైనా అయితే వాడేదానికి" అంటాడు. నిజమేనా? వాళ్ళ నాయనకు ఇంకా చెప్పలేదు. తెలిసినోళ్ళు చెప్పండి.

అలిపిరి_మెట్లు (8:52)
అక్కా, దాచేవాడైతే పక్క జేబులో పెట్టుకుని మీ చేతికి బ్యాగు ఇస్తాడా? నిమ్మళంగా ఉండండి.

తిరుచానూరు_పెద్దాయన (9:05)
ఏం కాలమో ఏమో. చదువుకోను పోయిన పిల్లోళ్ళకు పుస్తకాలతో పాటు మత్తు దిగే మందు కూడా ఇస్తా ఉండారంటే అక్కడ పరిస్థితి ఎట్లుందో చూడండి. ఇట్లాంటివి చేతికిస్తే తాగేదానికి ధైర్యం ఇచ్చినట్టే గదా.

ఎడిసన్_చిత్తూరోడు (9:20)
వాణక్కా, నేను న్యూజెర్సీలో ఉంటా, సొంతూరు చిత్తూరు గ్రీమ్స్‌పేట. మీవాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇక్కడ లైబ్రరీల్లో, కాలేజీ ఆరోగ్య కేంద్రాల్లో ఊరికే ఇస్తారు. 2023 మార్చిలో ఇక్కడ మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని డాక్టరు చీటీ లేకుండా అమ్ముకోవచ్చని చెప్పింది. ఆ సెప్టెంబరు నుంచి మందుల షాపుల్లో, సూపర్ మార్కెట్లలో తలనొప్పి బిళ్ళల పక్కనే పెట్టినారు. ముక్కులో కొట్టే రెండు స్ప్రేల డబ్బా అప్పుడు 45 డాలర్లు. కాలిఫోర్నియాలో అయితే 2022లో చట్టమే చేసినారు, ప్రభుత్వ కాలేజీల క్యాంపస్‌లలో ఈ మందు అందుబాటులో ఉంచాల్సిందేనని.

ఎందుకంటారా? ఫెంటనిల్ అనే మత్తు మందు. మార్ఫిన్ కన్నా సుమారు 100 రెట్లు, హెరాయిన్ కన్నా 50 రెట్లు బలమైంది. దొంగ బిళ్ళల్లో కలిపేస్తా ఉండారు. పరీక్షల ముందు నిద్ర రావడానికో, నిద్ర రాకుండా ఉండడానికో ఎవడో స్నేహితుడు ఒక బిళ్ళ ఇస్తాడు. చూసేదానికి అచ్చం కంపెనీ బిళ్ళే. లోపల ఏముందో ఇచ్చినోడికీ తెలీదు, తిన్నోడికీ తెలీదు. 2021 నుంచి 2023 దాకా ఏటా లక్ష మందికి పైగా ఇక్కడ డ్రగ్స్ ఓవర్‌డోస్‌తో పోయినారు. 2024లో అది 80 వేల దగ్గరికి దిగింది. దిగడానికి కారణాలు నిండా ఉండాయి, ఈ స్ప్రే ఊరంతా పంచడం వాటిలో ఒకటని ఇక్కడి ఆరోగ్య శాఖ వాళ్ళే చెప్తారు.

నా కారులో కూడా ఒకటి పడుంటుంది. ఇంతవరకు వాడే అవసరం రాలేదు.

యూనివర్సిటీ_క్యాంటీన్ (9:31)
అన్నా, వాట్సాప్‌లో వీడియో ఒకటి తిరుగుతా ఉంది, అమెరికాలో పోలీసు ఆ ఫెంటనిల్ పొడి ముట్టుకుంటేనే పడిపోయినాడని. అది నిజమా?

రుయా_పాతకాపు (9:58)
ముట్టుకుంటే పడిపోరు బాబూ. పొడి వేలికి తగిలినంత మాత్రాన ఒంట్లోకి ఎక్కదు, నీళ్ళతో కడుక్కుంటే సరిపోతుంది. ఆ భయంతో పడిపోయిన మనిషి దగ్గరికి పోకుండా ఆగిపోతేనే అసలు ప్రమాదం.

నేను ఎస్వీ మెడికల్ కాలేజీలో చదివి ఇప్పుడు అత్యవసర విభాగంలో పని చేస్తున్నాను. వాణి గారి ప్రశ్న మంచిది, రవంత వివరంగానే చెప్తాను.

ఆ డబ్బాలో ఉన్న మందు పేరు నలాక్సోన్. నార్కాన్ అనేది కంపెనీ పెట్టుకున్న పేరు. ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1961లో జాక్ ఫిష్‌మన్, మోజెస్ లెవెన్‌స్టీన్ అనే ఇద్దరు పేటెంటుకు పెట్టారు, 1971లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన ఆపరేషన్ థియేటర్లలో, ఐసీయూల్లో ఇంజెక్షన్ రూపంలో ఎప్పటినుంచో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది, మన దేశ జాబితాలోనూ ఉంది.

పని చేసేది మాత్రం ఒకే ఒక్క జాతి మీద. నల్లమందు నుంచి వచ్చినవి, దాన్ని పోలినట్టు తయారు చేసినవి: మార్ఫిన్, హెరాయిన్, కోడీన్, ఫెంటనిల్, ట్రమడాల్, టాపెంటడాల్, మెథడోన్. ఇవి మోతాదు మించితే నొప్పి పోవడంతో ఆగదు, ఊపిరి తీసుకోమని మెదడు ఇచ్చే ఆజ్ఞ కూడా మందగిస్తుంది. మనిషి పొర్లాడడు, అరవడు. గాఢంగా నిద్రపోతున్నట్టే ఉంటాడు, గురక లాంటి శబ్దం కూడా వస్తుంది. ఇంట్లోవాళ్ళు అలిసిపోయి పడుకున్నాడనుకుని తలుపు దగ్గరికేసి పోతారు. నేను చూసిన కేసుల్లో ఈ తలుపు దగ్గరికేయడమే ఎక్కువ.

మన ఆర్టీసీ బస్సులో సీటు అనుకోండి. మత్తు మందు ఆ సీట్లో కూర్చుని ఊపిరి ఆపుతుంది. నలాక్సోన్ వచ్చి దాన్ని లేపేసి తాను కూర్చుంటుంది, కానీ కూర్చుని ఏ పనీ చేయదు, ఊరికే సీటు ఆపుతుంది. రెండు మూడు నిమిషాల్లో మనిషి ఊపిరి తీసుకుంటాడు. అయితే ఈ ప్రయాణికుడు దూరం పోడు, 30 నుంచి 90 నిమిషాల్లో దిగిపోతాడు. మొదటివాడు ఇంకా బస్సులోనే నిలబడి ఉంటే మళ్ళీ వచ్చి అదే సీట్లో కూర్చుంటాడు. లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి పంపేస్తే రాత్రికి మళ్ళీ ఊపిరి ఆగవచ్చు. ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే.

అలిపిరి_మెట్లు (10:06)
డాక్టర్ గారూ, మన తిరుపతిలో పట్టుబడేదంతా గంజాయే కదా. ఏజెన్సీ నుంచి రైళ్ళలో తమిళనాడుకు పోయేది ఇట్లనే పోతుంది. గంజాయికి పని చేస్తుందా?

రుయా_పాతకాపు (10:11)
గంజాయికి పని చేయదు. సారాకు చేయదు. నిద్రమాత్రలకు చేయదు. కాకపోతే సారాలో ట్రమడాల్ కలిపి మింగినవాడు, నిద్రమాత్రలతో దగ్గు మందు తాగినవాడు ఉంటారు. అలాంటి చోట ఇస్తే సగం పనైనా జరుగుతుంది. ఏం తిన్నాడో తెలియకపోయినా ఇవ్వవచ్చు. ఒంట్లో ఆ జాతి మందు లేకపోతే నలాక్సోన్ మంచీ చేయదు, చెడ్డా చేయదు. మత్తు ఎక్కదు, అలవాటు కాదు. మత్తు మందుల చట్టం ఎన్‌డీపీఎస్ జాబితాలో కూడా లేదు, కాబట్టి వాణి గారూ, మీవాడు తెచ్చుకున్నాడని పోలీసు భయం పెట్టుకోవద్దు.

తిరుచానూరు_పెద్దాయన (10:15)
అంటే గంజాయి ఊరికి హెరాయిన్ విరుగుడు. మనకెందుకయ్యా ఇది? అమెరికావాళ్ళ తలనొప్పి అమెరికాలోనే ఉండనీండి.

బైరాగిపట్టెడ_మెడికల్స్ (10:34)
పెద్దాయనా, నేను మందుల షాపు నడుపుతా ఉండా. హెరాయిన్ సంగతి నాకు తెలీదు గానీ బిళ్ళల సంగతి అడగండి. సందకాడ ఎనిమిది దాటితే ఇద్దరు ముగ్గురు కుర్రోళ్ళు బండి ఆపి, దిగకుండానే "అన్నా, నడుం నొప్పి బిళ్ళ ఉందా" అంటారు. నడుం నొప్పోడు బండి మీద అట్లా వంగి కూర్చుంటాడా? ట్రమడాల్‌ను 2018లో ఎన్‌డీపీఎస్ కిందికి తెచ్చినారు. వెంటనే అడిగేవాళ్ళు టాపెంటడాల్‌కు మారినారు. బిళ్ళను నూరి నీళ్ళలో కలిపి సూదితో ఎక్కించుకునేవాళ్ళు కూడా ఉండారు. 2025 ఫిబ్రవరిలో టాపెంటడాల్‌ను కండరాలు వదులు చేసే కారిసోప్రొడాల్‌తో కలిపిన బిళ్ళల ఎగుమతిని కేంద్రం ఆపించిందంటే సమస్య ఎంత దూరం పోయిందో చూడండి. మేము చీటీ లేందే ఇవ్వం, ఇవ్వనందుకు తిట్లు తింటాం. అందరూ మా మాదిరి ఉంటారని మాత్రం చెప్పలేను.

నర్సమ్మ_పలమనేరు (10:41)
మామా, మీకు తోడు నేనొక లెక్క చెప్తాను. కేంద్రం, ఎయిమ్స్ వాళ్ళు కలిసి దేశమంతా చేసిన సర్వే లెక్కలు 2019లో వచ్చినాయి. ఈ జాతి మత్తు వాడేవాళ్ళు 2.06 శాతం, అంటే సుమారు 2.26 కోట్ల మంది. అందులో హెరాయిన్ 1.14 శాతం అయితే, షాపులో దొరికే మందులు వాడేవాళ్ళు 0.96 శాతం. వాడేవాళ్ళ లెక్కలో హెరాయిన్‌కూ బిళ్ళలకూ పెద్ద తేడా లేదు. ఇది మన తలనొప్పి కాదు అనుకునేదానికి లేదు పెద్దాయనా.

వేలూరు_రోడ్డు (11:02)
ఇంతసేపూ చదువుతా గమ్మునుండినా. ఇప్పుడు అడక్క తప్పదు. మాది చిత్తూరు. మా నాయనకు క్యాన్సర్. వేలూరులో చూపించినాం, ఇప్పుడు ఇంట్లోనే ఉండాడు. భుజానికి ఫెంటనిల్ పట్టీ వేస్తా ఉండాము, మూడు రోజులకొకటి. మధ్యలో నొప్పి జాస్తి అయితే మార్ఫిన్ బిళ్ళ. మీరు అమెరికాలో మనుషుల్ని చంపేది అంటున్న ఫెంటనిల్ ఇదేనా? ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉండాది. రెండు రోజులుగా నాయన జాస్తి నిద్రపోతా ఉండాడు. నాకు భయంగా ఉంది.

రుయా_పాతకాపు (11:10)
మందు అదే. కానీ మీ నాయనగారికి డాక్టరు మోతాదు చూసి ఇచ్చింది, దొంగ బిళ్ళలో లెక్కలేకుండా కలిపింది వేరు. భయపడి పట్టీ పీకేయకండి. ముందు ఒక్క పని చేయండి. ఆయన నిద్రలో ఉన్నప్పుడు ఒక నిమిషం పాటు ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో గడియారం పెట్టుకుని లెక్కబెట్టండి. పిలిస్తే కళ్ళు తెరుస్తున్నారా చూడండి. ఇక్కడే రాయండి.

వేలూరు_రోడ్డు (11:17)
14 సార్లు. పిలిస్తే పలికినాడు, నీళ్ళడిగినాడు.

రుయా_పాతకాపు (11:19)
అయితే ఈ రాత్రికి పరవాలేదు. పొద్దున మీ డాక్టరుకు ఫోన్ చేసి నిద్ర పెరిగిందని చెప్పండి. ఊపిరి నిమిషానికి 8 కన్నా తగ్గినా, గట్టిగా కదిపినా లేవకపోయినా వెంటనే 108.

నర్సమ్మ_పలమనేరు (11:45)
అన్నా, నేను ఇంటింటికీ పోయి ఇట్లాంటి పేషెంట్లను చూసే నర్సును. మీకు నాలుగు మాటలు చెప్పాల.

పట్టీ వేసిన చోట వేడి తగలకూడదు. వేడినీళ్ళ బ్యాగు కాపడం వద్దు, మే నెల ఎండలో వాకిట్లో మంచం వేసి పడుకోబెట్టొద్దు. వేడికి మందు ఒంట్లోకి జాస్తిగా దిగుతుంది. జ్వరం వచ్చినా అంతే, డాక్టరుకు చెప్పాల. తీసేసిన పట్టీలో కూడా మందు నిండా మిగిలి ఉంటుంది. చాలా ఇండ్లలో దాన్ని గోడకు అంటించడం, చెత్తబుట్టలో పైపైన వేయడం నేను కళ్ళారా చూసినా. పిల్లలు ఆటకు తీసి ఒంటికి అంటించుకుంటే, నోట్లో పెట్టుకుంటే ప్రాణమే పోతుంది. అమెరికాలో అట్లా పసిబిడ్డలు పోయినారని ఎఫ్‌డీఏ ఎప్పటినుంచో హెచ్చరిస్తా ఉంది. జిగురు ఉండే వైపు లోపలికి వచ్చేట్టు మడిచి, పాపకు అందని చోట వేసేయండి. కొత్త పట్టీలు బీరువాలో తాళం వేసి పెట్టండి.

ఇంకొకటి, ఇది రవంత కష్టమైన మాట. నలాక్సోన్ ఇంట్లో ఉన్నంత మాత్రాన నాయన మగతగా ఉండాడని ఇచ్చేయకూడదు. నెలల తరబడి మార్ఫిన్ మీద ఉన్న మనిషికి అది ఒక్కసారిగా ఇస్తే ఇన్నాళ్ళు అణిగి ఉన్న నొప్పంతా ఒకేసారి మీద పడుతుంది. ఆ బాధ చూడలేం. చివరి రోజుల్లో వచ్చే మగత వేరు, మోతాదు మించి ఊపిరి ఆగిపోవడం వేరు. మీ డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి, ఎప్పుడు ఇవ్వాల, ఎంత ఇవ్వాల, అసలు ఇవ్వాలా వద్దా అని. మీ ఇంట్లో దాని అవసరం నాయనకన్నా పాపకే జాస్తి అనిపిస్తుంది నాకు.

కొర్లగుంట_వాణి (11:52)
నేను నా కొడుకు గురించి అడిగితే ఇంత దూరం వచ్చింది. అన్నా, మీ నాయనగారు బాగుండాలని స్వామివారికి మొక్కుకుంటా ఉండా.

బైరాగిపట్టెడ_మెడికల్స్ (పొద్దున 7:15)
పాప మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. విరేచనాలకు ఇచ్చే బిళ్ళల్లో డైఫెనాక్సిలేట్ అనేది ఒకటుంది, అట్రోపిన్‌తో కలిపి వస్తుంది. అది కూడా ఇదే జాతి. పెద్దోళ్ళకు వాడగా మిగిలిన బిళ్ళలు పిల్లోళ్ళకు వేసేస్తారు కొంతమంది, మోషన్లు ఆగితే చాలని. చిన్నబిడ్డలకు అది ఊపిరి ఆపేస్తుంది. డాక్టర్ గారు సరిచేయాల నేను తప్పు చెప్తే.

రుయా_పాతకాపు (7:40)
తప్పేం లేదు, ముఖ్యమైన మాట చెప్పారు. అందులో ఇంకో మెలిక ఉంది. ఆ బిళ్ళ మింగిన బిడ్డ మొదట బాగానే కనిపిస్తుంది, గంటల తర్వాత ఊపిరి మందగిస్తుంది. అందుకే ఒక్క బిళ్ళ మింగినా ఒక పూర్తి రోజు ఆసుపత్రిలో కనిపెట్టి ఉంచుతాం. దానికీ విరుగుడు ఈ నలాక్సోనే. విరేచనాలకు ఓఆర్ఎస్, జింక్ చాలు పిల్లలకు. ఆపే బిళ్ళలు వద్దు.

మదనపల్లె_టమాట (8:20)
సార్, నాకొక అనుమానం. పోయిన సంవత్సరం మా తోటలో ఒకాయన పంటకు పురుగుల మందు కొట్టి పడిపోయినాడు. ఆసుపత్రిలో కంటిపాప చీమ తలకాయంత అయిపోయింది అన్నారు. ఈ మార్ఫిన్ వాటికి కూడా కంటిపాప చిన్నదవుతుందని ఫోన్లో చదివినా. రెండిటికీ తేడా ఎట్లా తెలుస్తుంది? ఈ స్ప్రే దానికీ పనికొస్తుందా?

రుయా_పాతకాపు (8:48)
ఈ చర్చ మొత్తంలో మన ఉమ్మడి జిల్లాకు అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇది. అమెరికాలో కంటిపాప సూదిమొనంత అయితే మొదట ఫెంటనిల్ అనుకుంటారు. మదనపల్లె, పుంగనూరు వైపు నుంచి అలాంటి మనిషి వస్తే నేను మొదట పురుగుల మందు అనుకుంటాను. ఆర్గానోఫాస్ఫేట్ విషంలో కూడా కంటిపాప చిన్నదవుతుంది, ఊపిరి ఆగుతుంది. కానీ అక్కడ మనిషి తడితడిగా ఉంటాడు. నోట్లో నురగ, చొంగ, ఒళ్ళంతా చెమట, కళ్ళలో నీళ్ళు, బట్టల్లోనే విరేచనం, కండరాలు అదరడం, దగ్గరికి పోతే మందు వాసన. ఓవర్‌డోస్ అయినవాడు పొడిగా, ప్రశాంతంగా పడి ఉంటాడు. పెదాలు, గోళ్ళు నల్లగానో బూడిద రంగుగానో తిరుగుతాయి.

పురుగుల మందుకు నలాక్సోన్ పని చేయదు. దానికి అట్రోపిన్ కావాలి, ఆసుపత్రిలో, అదీ గంటల తరబడి. కట్లపాము కరిచినా ఊపిరి ఆగుతుంది, దానికీ ఇది పని చేయదు. అందుకే ఏ మందు ఇచ్చినా ఇవ్వకపోయినా 108కి ఫోన్ ఆపకూడదు. పురుగుల మందు మనిషికి బట్టలు విప్పి, చేతులకు కవర్లు తొడుక్కుని ఒళ్ళు కడగండి. అతని నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదొద్దు.

యూనివర్సిటీ_క్యాంటీన్ (9:02)
సార్, అసలు పడిపోయినోణ్ణి చూస్తే వరసగా ఏం చేయాలో ఒక్క పోస్టులో చెప్పండి. హాస్టల్ గ్రూపులో పెడతా. మా వాళ్ళకు తెలిసిందల్లా ముఖాన నీళ్ళు కొట్టడం, మజ్జిగ తాపడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం.

రుయా_పాతకాపు (9:35)
మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్ళు ఏదీ వద్దు. స్పృహ లేనివాడికి పోసింది పొట్టలోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చన్నీళ్ళ కింద కూర్చోబెట్టడం, చెంపలు వాయించడం వల్ల పోయేది టైమే.

పేరు పెట్టి గట్టిగా పిలువు. పలకకపోతే పిడికిలి బిగించి రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దు. అప్పుడూ కదలకపోతే ఛాతీ చూడు. ఊపిరి ఐదారు సెకన్లకొకసారి కూడా రాకపోతే ఒకణ్ణి 108కి ఫోన్ చేయమను, స్పీకరులో పెట్టమను. స్ప్రే ఉంటే తల వెనక్కి వంచి, మొన ఒక ముక్కులో పూర్తిగా దూర్చి, కిందనున్న బొత్తాం ఒక్కసారి గట్టిగా నొక్కు. వస్తుందా రాదా అని ముందు గాల్లో నొక్కి చూడొద్దు. ఒక్కో స్ప్రేలో ఒక్క మోతాదే ఉంటుంది, అది గాలికి పోతుంది.

ఆ తర్వాత చేతులు కట్టుకుని నిలబడొద్దు. ముక్కు మూసి నోట్లో ఐదు సెకన్లకు ఒక ఊపిరి చొప్పున ఊదుతూ ఉండు. నాడి కూడా అందకపోతే ఛాతీ నొక్కాలి. స్ప్రే లేకపోయినా ఈ ఊదడమే అంబులెన్సు వచ్చేదాకా మనిషిని నిలబెడుతుంది. మెదడు ప్రాణవాయువు లేకుండా నాలుగైదు నిమిషాలకు మించి తట్టుకోదు. బ్రహ్మోత్సవాల టైములో లీలామహల్ సర్కిల్ దాటి అంబులెన్సు రావాలంటే ఎంతసేపవుతుందో మీకే తెలుసు. ఈ మందు మామూలు జనం చేతిలో ఉండాలని నేననేది ఇందుకే. డాక్టరు దగ్గర ఉండే మందు డాక్టరు దగ్గరికి వచ్చేదాకా బతికున్నవాడికే కదా పనికొచ్చేది.

రెండు మూడు నిమిషాలు చూసి లేవకపోతే రెండో ముక్కులో రెండో స్ప్రే. ఊపిరి తిరిగొస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు, వాంతి గొంతుకు అడ్డం పడకుండా. అలవాటున్నవాడైతే లేవగానే వణుకుతాడు, వాంతి చేసుకుంటాడు, "ఎవడు లేపమన్నాడు" అని తిట్టినా తిట్టొచ్చు. తిట్లు తిని అక్కడే ఉండు, మళ్ళీ ఏమీ మింగనీకు.

తిరుచానూరు_పెద్దాయన (9:50)
ఇంటిలో జబ్బుపడినోళ్ళకు, బిడ్డలకు అంటే నేను కాదనను. అది నాకు తెలియని సంగతి, తెలుసుకున్నా. కావాలని సూది గుచ్చుకునేవాడి కోసం మాత్రం ఊరంతా జేబులో మందు పెట్టుకుని తిరగాలంటే నా మనసు ఒప్పదు. వాడికి భయం అనేది ఉండొద్దా?

నర్సమ్మ_పలమనేరు (10:04)
భయం ఉండేది నిజమే పెద్దాయనా. ఆ భయం సూది మీద లేదు, ఆసుపత్రి మీద, పోలీసు మీద ఉండాది. డాక్టరుగారు చెప్పినారు చూడండి, వణుకు, వాంతులు, ఒళ్ళంతా నొప్పులు. ఎక్కించుకున్న మత్తంతా రెండు నిమిషాల్లో దిగి ఆ అవస్థ పడేదానికి ఎవడూ ధైర్యం తెచ్చుకుని జాస్తిగా ఎక్కించుకోడు. మణిపూర్, నాగాలాండ్‌లలో సూదులు వాడేవాళ్ళ మధ్యనే పనిచేసే సంస్థలు ఈ ఇంజెక్షన్ ఇచ్చి మనుషుల్ని లేపుతా ఉండాయి ఎన్నో ఏండ్లుగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది, ఓవర్‌డోస్ కండ్ల ముందు జరిగేదానికి అవకాశం ఉండే ఎవరికైనా, స్నేహితులకు, ఇంట్లోవాళ్ళకు, ఇది అందించి వాడడం నేర్పించండి అని.

పాత_ఖాకీ (10:40)
నేను పోలీసు డిపార్టుమెంటులో చేసి రిటైరు అయినా. నర్సమ్మ చెప్పింది నూరుపాళ్ళు కరెక్టు. కుర్రోణ్ణి బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చి, ఆసుపత్రి గేటు దగ్గర దించేసి పారిపోయిన స్నేహితుల్ని చూసినా. వాడేం తిన్నాడో చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. చెప్పుంటే బతికేవాడేమో.

చట్టం సంగతి చెప్తా. రోడ్డు ప్రమాదంలో గాయపడినోణ్ణి తెచ్చినవాణ్ణి ఇబ్బంది పెట్టకూడదని మోటారు వాహనాల చట్టంలో 134ఏ అని 2019లో చేర్చినారు. అది రోడ్డు ప్రమాదాలకే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఓవర్‌డోస్‌కు ఫోన్ చేసినోడికి కూడా అట్లాంటి రక్షణ ఉంది. మనకు ఎన్‌డీపీఎస్‌లో 64ఏ అని ఉండాది. అలవాటుపడినోడు తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు వస్తే, వాడకం కేసు, చిన్న మోతాదు కేసు నుంచి మినహాయింపు. ఇది లాయర్లకు తెలుసు, పిల్లోళ్ళకు తెలీదు. స్టేషన్లో కూడా అందరికీ తెలుసునని నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. స్నేహితుడికి రక్షణ ఇచ్చే సెక్షను కూడా ఒకటి వస్తే ఆ గేటు దగ్గర వదిలేసేది తగ్గుతుంది.

అమ్మేవాళ్ళ సంగతి చెప్పాలంటే 1972 నంబరు, అది మత్తు మందుల మీద పనిచేసే మన రాష్ట్ర పోలీసు విభాగం ఈగల్ వాళ్ళది. మానాలంటే దేశమంతటికీ 14446. ఈ రెండు నంబర్లూ వేరే వేరే పనులకు, కలపకండి.

ఎడిసన్_చిత్తూరోడు (11:12)
సార్ చెప్పిన ఫోన్ చేసే భయం ఇక్కడా మొదట్లో ఉండేదంట. అది సరే, స్ప్రే కారులో పెట్టుకున్నానని రాసినా కదా. ఎండాకాలం పరవాలేదా?

రుయా_పాతకాపు (11:25)
కారులోంచి తీసేయండి. మామూలుగా 25 డిగ్రీల లోపు ఉంచాలి, కొన్నాళ్ళు 40 దాకా తట్టుకుంటుంది. అద్దాలు మూసిన కారులో ఎండకు ఎంత వేడి పుడుతుందో చెప్పక్కర్లేదు. రేణిగుంట ఎండల్లో అయితే అసలే వద్దు. గడ్డకట్టనీయకూడదు కూడా, కాబట్టి ఫ్రీజరులో పెట్టకండి. 2024 జనవరి నుంచి కొత్తగా తయారయ్యే వాటికి గడువు మూడేళ్ళ నుంచి నాలుగేళ్ళు చేశారు, డబ్బా మీద తేదీ చూసుకోండి.

మోడరేటర్ (11:30)
నొప్పి బిళ్ళలు చీటీ లేకుండా ఎక్కడ దొరుకుతాయని అడిగిన ఒక పోస్టు తీసేశాం. మళ్ళీ అడిగితే సభ్యత్వం పోతుంది. చర్చ కొనసాగించండి.

వేలూరు_రోడ్డు (మధ్యాహ్నం 1:20)
పొద్దున మా డాక్టరుకు ఫోన్ చేసినా. పట్టీ బలం తగ్గించినాడు. పాప ఉందని చెప్తే నలాక్సోన్ ఇంజెక్షన్ రాసిస్తా, చిత్తూరులో ఉండే మా నర్సక్కకు ఎట్లా ఇవ్వాలో చెప్తా అన్నాడు. నాయనకు మాత్రం తనకు ఫోన్ చేయకుండా ఇవ్వొద్దన్నాడు. చిత్తూరులో రెండు షాపుల్లో అడిగితే ఒకాయన పేరే వినలేదన్నాడు, ఇంకొకాయన అది పెద్దాసుపత్రుల్లోనే ఉంటుందన్నాడు. బైరాగిపట్టెడ అన్నా, మీ దగ్గర దొరుకుతుందా?

బైరాగిపట్టెడ_మెడికల్స్ (1:48)
వాళ్ళను అని లాభం లేదబ్బా. ఎవరూ రాయరు కాబట్టి మేము తెప్పించం, మేము తెప్పించం కాబట్టి ఎవరూ రాయరు. స్ప్రే నా దగ్గర లేదు. 0.4 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ తెప్పిస్తా. తొడ కండలో గుచ్చేది, అవసరమైతే బట్ట మీద నుంచైనా. చీటీ ఫోటో వాట్సాప్‌లో పంపొద్దు, అసలు చీటీ తీసుకురండి. డాక్టరును రెండు గాజు సీసాలు, సిరంజీలతో సహా రాయమనండి, పాప బరువు కూడా వేయమనండి. రేపు సాయంత్రం నాలుగు తర్వాత రండి, అప్పుడు షాపులో జనం ఉండరు. సీసా మెడ ఎట్లా విరవాలో, ఎంత లాగాలో నీళ్ళ సీసాతో చేసి చూపిస్తా. కుదిరితే ఇంట్లో ఆడవాళ్ళను కూడా వెంట తీసుకురండి, పగలంతా పాప దగ్గర ఉండేది వాళ్ళే గదా.